తుప్పు తినేసిన పాత జిప్సీ: బాగు చేయించాలా, తుక్కుకి ఇచ్చేయాలా?

అందరికీ నమస్కారం. నాన్నగారి మారుతి జిప్సీ, 970 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉన్న పాత మోడల్, భీమిలిలో ఇంటి పక్క రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి ఉండిపోయింది. సముద్రపు ఉప్పుగాలికి బాగా తుప్పు పట్టింది. ఇంజన్ గురించి నాకు టెన్షన్ లేదు, చేత్తో తిప్పితే తిరుగుతోంది. భయమంతా ఛాసిస్ గురించే, అంటే బండి బరువంతా మోసే కింది ఇనుప ఫ్రేము గురించే.

డ్రైవర్ సీటు కింద మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే నేల కనిపించింది. సరే, ఫ్లోర్ రేకు మార్పించుకోవచ్చు. కానీ వెనక స్ప్రింగ్ పట్టీలు ఫ్రేముకి బిగించే చోట సుత్తితో కొడితే ఖణేల్మనాల్సింది డొల్లగా మోగుతోంది, పొరలు పొరలుగా పెచ్చులూడుతున్నాయి. ముందు భాగం మాత్రం గట్టిగానే ఉంది.

ఒక మెకానిక్ పైన ప్లేటు వేసి వెల్డింగ్ చేస్తే చాలంటున్నారు. లోపల కుళ్లిన ఇనుము మీద అతుకు వేస్తే నిలుస్తుందా? ముందు శాండ్ బ్లాస్టింగ్ (ఇసుకను వేగంగా చిమ్మి తుప్పు రాల్చడం) చేయించి, మిగిలిన మందం చూశాకే నిర్ణయించడం మంచిదని నాకనిపిస్తోంది. ఫ్రేమే మార్చాల్సి వస్తే, ఛాసిస్ నంబర్ దాని మీదే ఉంటుంది కాబట్టి ఆర్టీఓ అనుమతి ఎలా తీసుకోవాలి? 15 ఏళ్లు దాటిన బండి కదా, ఆర్‌సీ రెన్యువల్‌కి ఫిట్‌నెస్ కూడా పాస్ కావాలి.

అమ్మే ఉద్దేశం లేదు. అమ్మని ఎక్కించుకుని అరకు ఘాట్ ఎక్కాలని ఆశ, అందుకే భద్రత విషయంలో రాజీ పడలేను. ఇలాంటి ఫ్రేము బాగు చేయించిన వాళ్లుంటే, ఖర్చు ఎంతయిందో, ఇప్పుడు బండి ఎలా ఉందో దయచేసి చెప్పండి.