ఇసుకరాతి గోడపై స్ప్రే పెయింట్ రాతలు: ఏ రక్షణ పూత కోరాలి?

మా వీధిలోని గ్రంథాలయపు ప్రహరీ గోడ ఏ పూతా లేని ఇసుకరాతితో కట్టినది. దానిపై నల్లని స్ప్రే పెయింట్‌తో రాసిన రాతల గురించి వెంటనే ఫిర్యాదు చేసినా, పురపాలక సిబ్బంది వచ్చేసరికి మూడు వారాలు గడిచి, రంగు రాతి రంధ్రాల్లోకి ఇంకిపోయింది. వారు అధిక పీడనంతో నీళ్లు చిమ్మగా అక్షరాలు కొంత పలచబడ్డాయి గాని, రాతి పైపొర దెబ్బతిని, తడిమితే వేళ్లకు ఇసుక అంటుకుంటోంది. తరువాత వారి అనుమతితో ఒక మూలన అసిటోన్ అనే, రంగును కరిగించే ద్రావకం అద్ది చూశాం. రంగు కరిగి చుట్టూ బూడిదరంగు మచ్చగా వ్యాపించింది. ద్రావకాన్ని బంకమట్టిలో కలిపి మందంగా పట్టించి, ప్లాస్టిక్ కప్పి, మర్నాడు తీసినప్పుడు మాత్రమే చెప్పుకోదగ్గ ఫలితం కనిపించింది. అయినా గోడ తడిసినప్పుడల్లా ఆ అక్షరాల నీడ తేలుతూనే ఉంది.

పైన రంగు వేసి కప్పేయడం మాకు సమ్మతం కాదు, ఎందుకంటే రాయిలోని చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అక్కడే మళ్లీ రాస్తున్నందున, రక్షణ పూత వేయడానికి పురపాలక సంఘం ఇప్పుడు అంగీకరించింది. మైనపు పూతయితే రాతలతోపాటు వేడినీటితో కడిగేయవచ్చు, కాని ప్రతిసారీ తిరిగి వేయాలి. పాలియురేథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూత అనేకసార్లు శుభ్రం చేసినా నిలుస్తుంది, కాని చెమ్మను లోపలే బంధించవచ్చు.

అడుగుభాగంలో చెమ్మ ఎక్కుతున్న, పైపొర ఇప్పటికే బలహీనపడిన ఇలాంటి గోడకు ఈ రెండింటిలో ఏ పూత వేయమని కోరాలి?