బ్రిటన్‌లో పోలీస్ కానిస్టేబుల్‌కి అప్లై చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. నాకు ఐఎల్‌ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది, పాస్‌పోర్టు మాత్రం ఇండియాదే. కామన్‌వెల్త్ దేశాలవాళ్లకి ఐఎల్‌ఆర్ ఉంటే చాలు, పౌరసత్వం అక్కర్లేదని నిబంధనల్లో చూసి చాలా సంతోషం వేసింది. ఫిట్‌నెస్‌ పరీక్షకి భయం లేదు, 15 మీటర్ల షటిల్ రన్‌లో (బీప్ శబ్దానికి తగ్గట్టు అటూ ఇటూ పరుగెత్తడం) వాళ్లడిగే 5.4 లెవెల్ అందుకోగలను. టెన్షనంతా వెట్టింగ్ (మన నేపథ్యం అంతా ఆరా తీయడం) గురించే. ఇంట్లోవాళ్ల వివరాలు, అప్పులు, బ్యాంకు లెక్కలు అన్నీ అడుగుతారు కదా. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల వివరాలు, అన్నయ్యవి కూడా రాయాలా? ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ముందే తెప్పించుకోవాలా? ఇంకొకటి, డిగ్రీ ఉన్నవాళ్లకిచ్చే రెండేళ్ల శిక్షణకి జేఎన్‌టీయూ బీటెక్ సరిపోతుందా, లేక యూకే ఎనిక్ పత్రం (మన డిగ్రీ ఇక్కడి ఏ చదువుకి సమానమో చెప్పేది) కూడా జతచేయాలా? ఈ ఉద్యోగం నాకు నిజంగా కావాలి. మనవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఎవరైనా చేరి ఉంటే దయచేసి చెప్పండి.