చక్కెరలో నూనె చుక్క లేదు, మరి నాకు కొవ్వు ఎక్కడినుంచి వచ్చింది?

అనంతపురం_కొట్టు:
టవర్ క్లాక్ దగ్గర బట్టల కొట్టులో పనిచేస్తాను. వయసు 41. పోయిన నెల రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో కొవ్వు, 268, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు) మొదటి గ్రేడ్ అన్నారు. అప్పటినుంచి ఉగ్గాని, బజ్జీ ముట్టలేదు. ఇంట్లో చెనక్కాయల నూనె సగానికి తగ్గించాం. నడుము మాత్రం 98 సెంటీమీటర్ల దగ్గరే ఉంది. మందు అలవాటు లేదు. రోజుకు ఆరు టీలు తాగుతాను. డాక్టర్ చక్కెర మానమన్నారు. నాకు షుగర్ జబ్బు లేదే! చక్కెరలో కొవ్వే లేనప్పుడు రక్తంలో కొవ్వు ఎట్లా పెరుగుతుంది? ఇద్దరు చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది.

పులివెందుల_రైతు:
బెల్లం టీ తాగన్నా. మా ఇంట్లో అందరం మారిపోయినాం.

కడప_ల్యాబ్:
బెల్లంతో ఏమీ మారదు తమ్ముడూ. అదీ చాలావరకు చక్కెరే. 100 గ్రాముల చక్కెరలో 400 కేలరీలుంటే బెల్లంలో దాదాపు 380.

నేను పదిహేనేండ్లుగా ల్యాబ్‌లో రక్తాలు చూస్తున్నా. గొట్టాన్ని మిషన్‌లో తిప్పితే పైన సీరం తేలుతుంది. మామూలుగా లేత పసుపుగా, తేటగా ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగినవాళ్లది పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. మొదటిసారి అట్లాంటిది చూసి, ఆ మనిషి నూనె వంటలు ఎక్కువ తింటాడేమో అనుకున్నా. అడిగితే రోజూ కూల్‌డ్రింక్‌లు తాగుతానన్నాడు.

చక్కెర కడుపులో రెండుగా విడిపోతుంది, సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. గ్లూకోజ్‌ను ఒళ్లంతా వాడుకుంటుంది. ఫ్రక్టోజ్ భారం ఎక్కువగా కాలేయం మీదే పడుతుంది. కాలేయం తన గాదెలో దాచుకోగలిగే గ్లైకోజెన్, అంటే నిల్వ చక్కెర, సుమారు 100 గ్రాములే. అది నిండాక మిగిలినదాంట్లో కొంత కొవ్వుగా మారుస్తుంది. ఆ కొవ్వు కొంత అక్కడే పేరుకుంటుంది, కొంత రక్తంలోకి పోతుంది. పైగా తీపి తిన్నాక ఇన్సులిన్ పెరిగి, ఒంట్లో ఉన్న కొవ్వు కరగడం కాసేపు ఆగుతుంది.

టీకి రెండు చెంచాలనుకో. ఆరు టీలకు 60 గ్రాములు, 240 కేలరీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మేలైన హద్దు రోజుకు సుమారు 25 గ్రాములు. తప్పంతా చక్కెరదే అనను. రాత్రి సంగటి ముద్ద, అన్నం ఎంత పెద్దవో కూడా చూసుకో.

అనంతపురం_కొట్టు:
అక్కా, నేను తాగే టీ బంకులో చక్కెర ముందే వేసి మరిగిస్తారు. నా ఒక్కడికోసం వేరే కాయమంటే కాయరు.

కర్నూలు_డ్రైవర్:
నాదీ అదే కష్టం అన్నా. ఇంటినుంచి ఫ్లాస్క్ తెచ్చుకుంటున్నా. రెండు చెంచాలనుంచి ఒకటి, నెల తర్వాత అర. మొదట్లో నోటికి సప్పగా ఉండింది, ఇప్పుడు బయటి టీ తాగితే పాకం తాగినట్టుంది. మధ్యాహ్నం రెండు టీలకు బదులు మజ్జిగ. నాలుగు నెలలకు బెల్టు ఒక రంధ్రం లోపలికి వచ్చింది.

కడప_ల్యాబ్:
మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించు తమ్ముడూ. రాత్రి భోంచేసినాక 12 గంటలు నీళ్లు తప్ప ఏమీ వద్దు. పోయినసారి ఖాళీ కడుపుతోనే పోయినావా?

అనంతపురం_కొట్టు:
లేదక్కా. పొద్దున టీ, రెండు బిస్కెట్లు తీసుకునే పోయినా. ఎవరూ అడగలేదు.

కడప_ల్యాబ్:
అయితే 268 కొంచెం అటూ ఇటూ కావచ్చు. డాక్టర్‌కు ఆ మాట చెప్పు. స్కానింగ్‌లో కనిపించిన కొవ్వు మాత్రం పొద్దున తాగిన టీతో వచ్చింది కాదు. ఫ్లాస్క్ రేపే కొనుక్కో.