ఇంట్లో రోగిని చూసుకునే మనిషికి జీతం ఎలా కట్టాలి?

మాది దేవరకొండ దగ్గరి పల్లె. పక్షవాతంతో మంచాన పడ్డ మా అమ్మకు వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చి, చెంచాతో జావ తాగించే ఆమెకు నెలకు 12,000 రూపాయలు ఇస్తున్నాము. పత్తి ఏరడానికి పోతే కనీసం రాత్రి నిద్రయినా దక్కుతుందని ఆమె అంటున్నారు, అది న్యాయమే. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు గాని అది ఆసుపత్రి చికిత్సకే తప్ప ఇంటి సేవకు వర్తించదు. అమ్మకు వచ్చే ఆసరా పింఛను 2,016 రూపాయలు డైపర్లకే చాలడం లేదు. మా చెల్లెను ఇంట్లో ఉండమని బంధువులు తేలిగ్గా చెబుతున్నారు (ఆమె కుట్టుపనిని ఎవరూ సంపాదన కింద లెక్కవేయరు). రాత్రి పనికి విడిగా ఎంత కట్టాలో, వారపు సెలవు రోజున బదులు మనిషిని ఎలా కుదుర్చుకోవాలో అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.