బీట్ ఆఫీసర్ అవార్డు నామినేషన్‌కు ఏ ఆధారం జతచేయాలి?

మా అటవీ సెక్షన్‌లోని ఒక బీట్ ఆఫీసర్ (అడవిలో ఒక భాగానికి కాపలా చూసే ఉద్యోగి) పేరు అటవీ సంరక్షణ అవార్డుకు పంపాం. "కొలవదగిన ఆధారం లేదు" అని ఫైలు వెనక్కొచ్చింది. పద్మ అవార్డుకు పంపుదామంటే, డాక్టర్లు, శాస్త్రవేత్తలు తప్ప సర్వీసులో ఉన్న ప్రభుత్వోద్యోగులు దానికి అర్హులు కారు.

చిక్కేమిటంటే, ఆయన పనంతా నష్టం జరగనివ్వకపోవడమే. ఎండలు ముదరకముందే ఫైర్ లైన్లలో (మంట పాకకుండా అడవిలో ఖాళీగా ఉంచే పట్టీల్లో) ఎండుటాకు ఊడ్పించడం, పొగ కనిపించగానే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పడం, నీటి గుంటల దారిలో కట్టిన తీగ ఉచ్చులు పీకేయడం. కేసులు తక్కువ కాబట్టి కాగితం మీద పనే తక్కువగా కనిపిస్తోంది. ఇది అన్యాయం.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహ ఫైర్ అలర్టులు జతచేశాం. వాటికి వాడే ఉపగ్రహ సెన్సర్లలో విఐఐఆర్ఎస్ పిక్సెల్ (నేల మీద ఒక గడి) 375 మీటర్లు, మోడిస్‌ది 1 కిలోమీటరు. చిన్నగా ఉండగానే ఆర్పేసిన మంటలు చాలావరకు వాటికి దొరకవు. పైగా అలర్టులు తగ్గడం వానల వల్ల కూడా కావచ్చు కదా అని ఫైలు వెనక్కి పంపినవాళ్లు అన్నారు. బీట్ డైరీ నకళ్లు, జీపీఎస్ గస్తీ ట్రాకులు, రేంజ్ ఆఫీసర్ సిఫారసు లేఖ కూడా పెట్టాం.

ఫీల్డ్ సిబ్బందికి ఇలా నామినేషన్ రాసి అవార్డు సాధించినవాళ్లు దయచేసి చెప్పండి: నివారణ పనికి ఏ రికార్డు చూపిస్తే కమిటీ ఒప్పుకుంది?