వేరు చేసి ఇచ్చిన చెత్తను ఆటోలో మళ్లీ కలిపేస్తుంటే, ఇంట్లో మనం చేయగలిగింది ఏమిటి?

ప్రశ్న (నాలుగో అంతస్తు):

అందరికీ నమస్కారం. మేము నగర శివారులో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాం. అత్తగారు, మామగారు, మా పాపతో కలిపి ఐదుగురం. పర్యావరణం కోసం ఇంటి వరకైనా ఏదో ఒకటి చేయాలన్న ఉద్దేశంతో తడి చెత్తనూ పొడి చెత్తనూ వేర్వేరు డబ్బాల్లో వేయడం చాలాకాలంగా పాటిస్తున్నాం. కూరగాయల తొక్కలు, మిగిలిపోయిన అన్నం, టీ పిప్పి ఒక డబ్బాలోకి వెళ్తాయి; కవర్లు, కాగితాలు, సీసాలు మరో డబ్బాలోకి వెళ్తాయి. కానీ ఉదయం ఆటో వచ్చినప్పుడు రెండింటినీ ఒకే చోట బోర్లిస్తున్నారు. ఎందుకలా చేస్తున్నావని అడిగితే, మిగతా ఇళ్లన్నిటి నుంచీ చెత్త కలిసే వస్తున్నప్పుడు మీ ఒక్క ఇంటి డబ్బాను విడిగా ఎక్కడ పెట్టమంటారని ఆ అబ్బాయి తిరిగి నన్నే అడిగాడు. అతని మాటలో న్యాయం ఉందనిపించి ఊరుకున్నాను.

"చివరికి అంతా ఒకే గుట్టలో పడేదానికి రోజూ రెండు డబ్బాలు కడగడం ఎందుకమ్మా" అని మా మామగారు అంటున్నారు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర సరైన సమాధానం లేదు. ఇలా వేరు చేయడం కొనసాగించడంలో అర్థం ఉందా? ఇతరులు సహకరించినా సహకరించకపోయినా ఫలితం మిగిలే పని ఇంట్లో ఏదైనా ఉందా? డాబా మీద సోలార్ పలకలు, ఎలక్ట్రిక్ కారు వంటి పెద్ద ఖర్చుల గురించి కాకుండా, రోజువారీ పనుల్లో చేయగలిగినది ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (మిద్దెతోట):

అమ్మా, మీ ప్రశ్నలోనే దారి కనిపిస్తోంది. ఆటోలో కలిసిపోవాలంటే ముందు రెండు రకాల చెత్తా మీ ఇంటి నుంచి బయటకు వెళ్లాలి కదా! తడి చెత్తను గడప దాటనివ్వకండి. అప్పుడు ఆటోకు చేరేది పొడి చెత్త ఒక్కటే అవుతుంది కాబట్టి, మీ ఇంటి వరకు కలిపే అవకాశమే ఉండదు. మన ఇళ్లలో వచ్చే చెత్తలో సగం, చాలాసార్లు సగానికి పైగా, వంటింటి నుంచి వచ్చేదే. ఆ సగాన్ని ఇంట్లోనే ఎరువుగా మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి సహకారం కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.

దీనికి ఖరీదైన సామగ్రి కొనాల్సిన పని లేదు. ఖాళీ పెయింటు బకెట్లు రెండు తీసుకుని, అడుగునా పక్కలా చిన్న చిన్న రంధ్రాలు పెట్టించి, కింద ఒక పళ్లెం ఉంచితే సరిపోతుంది. అడుగున నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు పరిచి, దాని మీద ఆ రోజు తొక్కలు వేసి, వాటిని మళ్లీ ఎండుటాకులతో పూర్తిగా కప్పాలి. ఒక వంతు తడి చెత్తకు సుమారు రెండు వంతుల ఎండుటాకులు పడతాయి. ఆకులు దొరకని రోజుల్లో కొబ్బరి పొట్టు గానీ, చింపిన అట్టపెట్టె ముక్కలు గానీ వాడవచ్చు. మొదట్లో కుళ్లే ప్రక్రియ త్వరగా అందుకోవడానికి కాస్త పుల్ల మజ్జిగ చల్లితే మంచిది. వారానికి ఒకటి రెండు సార్లు పుల్లతో కింది నుంచి పైకి కలియబెడితే లోపలికి గాలి ఆడుతుంది. మొదటి బకెట్ నిండాక మూత పెట్టి పక్కన ఉంచి, రెండోది మొదలుపెట్టండి. అది నిండే సమయానికి మొదటిది దాదాపు ఎరువుగా మారి ఉంటుంది. మొత్తం మీద రెండు మూడు నెలలు పడుతుందనుకోండి.

తయారైన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉండి, తొలకరి పడినప్పటి మట్టి వాసన వస్తుంది. అందులో తొక్క ఇదీ, కాడ ఇదీ అని గుర్తుపట్టే వీలు లేకపోతే జల్లించి కుండీలకు వేసుకోవచ్చు. జల్లెడలో మిగిలిన మామిడి టెంకలు, మొక్కజొన్న కండెలు పారేయకుండా తిరిగి కొత్త బకెట్‌లో వేయండి.

సమాధానం (పొడి చెత్త కేంద్రం):

పొడి చెత్తను రకాలవారీగా వేరు చేసే కేంద్రంలో కొంతకాలం పర్యవేక్షణ పని చేసినవాడిని. మీ మామగారి సందేహానికి చెత్త ఏరే బల్ల దగ్గర నిలబడి చూసినవాడిగా సమాధానం చెప్పాలనిపించింది.

తడి, పొడి కలిసిన సంచి విప్పితే అందులోని కాగితం అప్పటికే సాంబారులో నానిపోయి ఉంటుంది, అట్టపెట్టె బూజు పట్టి ఉంటుంది, కవర్ల మడతల్లో అన్నం మెతుకులు అతుక్కుని పులిసిపోయి ఉంటాయి. అదే కాగితం పొడిగా వచ్చి ఉంటే పాత సామాన్ల కొట్టువాడు కిలోల లెక్కన కొనేవాడు. కలిసి వచ్చినందువల్ల అది ఎవరికీ పనికిరాకుండా గుట్టకు వెళ్లిపోతుంది. మిద్దెతోట గారు చెప్పినట్టు తడి చెత్త ఇంట్లోనే ఆగిపోతే, మీరిచ్చే పొడి చెత్త శుభ్రంగా ఉంటుంది. శుభ్రమైన పొడి చెత్తకు ధర వస్తుంది గనుక ఆటోలో పనిచేసేవారు చాలామంది దాన్ని కలపకుండా పక్కకు తీసి, గోనె సంచిలో వేసి ఆటోకు తగిలించుకుంటారు. మీరు రెండు మూడు వారాలు అలా ఇచ్చి చూడండి.

గుట్టలో పడ్డ తడి చెత్త సంగతి కూడా చెప్పాలి. పొలంలో పడ్డ ఆకు మట్టిలో కలుస్తుంది. పదుల అడుగుల చెత్త కింద నలిగిన తొక్కకు గాలి అందదు. గాలి లేనిచోట కుళ్లడం వల్ల మీథేన్ వాయువు పుడుతుంది. వందేళ్ల కాలానికి లెక్కిస్తే భూతాపాన్ని పెంచడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు శక్తిమంతమైనది. వేసవిలో డంపింగ్ యార్డుల్లో చెలరేగే మంటలు ఒక పట్టాన ఆరకపోవడానికి ఆ వాయువు కూడా ఒక కారణం. ఇక వాన పడితే గుట్టలోంచి నల్లటి నీరు ఊరి కిందికి దిగుతుంది. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ చుట్టుపక్కల భూగర్భ జలాలు, చెరువులు పాడవడానికి కారణం ఈ నీరే. విశాఖ చెత్తకు కాపులుప్పాడ ఉంది, ప్రతి పట్టణానికీ అలాంటి ఒక చోటు ఉంది. మన వంటింటి తొక్కలు మన కంటికి కనిపించకుండా పోతున్నాయంటే, వాటిని భరిస్తున్న ఊరు ఇంకొకటి ఉందని అర్థం. రెండు డబ్బాలు కడగడం ఎందుకో మామగారికి ఈ కోణంలో చెప్పి చూడండి.

పొడి చెత్త ఇచ్చేటప్పుడు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంచేయకండి. ఆ చిన్న ముక్కను ఏరడం ఎవరి వల్లా కాదు, అది కాలువల్లోకి పోతుంది. మూల ప్యాకెట్‌కే వేలాడుతూ ఉండేలా కత్తిరించి, నీళ్లతో ఒకసారి కడిగి ఆరబెడితే ఆ ప్యాకెట్‌ను కరిగించి తిరిగి వాడుకోవచ్చు. లోపల వెండిరంగు పొర ఉండే చిప్స్ ప్యాకెట్లను పాత సామాన్లవాళ్లు తీసుకోరు. సేకరించి పంపిస్తే సిమెంటు బట్టీల్లో ఇంధనంగా వాడతారు గానీ తిరిగి ప్యాకెట్ కావడం జరగదు, కాబట్టి వాటి విషయంలో కొనడం తగ్గించుకోవడమే ఉపాయం.

అన్నిటికంటే ముఖ్యంగా అడిగేది ఒకటుంది. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి, పైన ఎర్ర సిరాతో గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. పగిలిన గాజు, బ్లేడ్లు, సిరంజిలు కూడా అట్టలో చుట్టి ఇవ్వండి. చెత్తను వేరు చేసేవాళ్లలో చాలామంది ఆడవాళ్లు, చేతితోనే పని చేస్తారు. తొడుగులు ఉన్నా గాజు పెంకు వాటిని చీల్చుకుని దిగుతుంది. పర్యావరణం అన్న మాటలో ఆ చేతులు కూడా ఉన్నాయని నేను నమ్ముతాను.

ప్రశ్న అడిగినవారు (నాలుగో అంతస్తు):

ఇద్దరికీ కృతజ్ఞతలు. మామగారికి చదివి వినిపించాను; ఊరి కిందికి దిగే నల్లటి నీటి గురించి ఆయన మళ్లీ అడిగి తెలుసుకున్నారు. అయితే మా అత్తగారి అభ్యంతరం వేరు. మాకు ఉన్నది చిన్న బాల్కనీ, దాన్ని ఆనుకునే పూజ గది ఉంది. కంపు వస్తుందనీ, పురుగులు పడతాయనీ ఆవిడ భయం. ఆదివారాలు మాంసం వండుతాం, ఆ ఎముకల సంగతేమిటి? నగరంలో ఇన్ని ఎండుటాకులు ఎక్కడి నుంచి తేవాలి?

సమాధానం (మిద్దెతోట):

అత్తగారి భయం సహేతుకమైనదే, చూసుకోకపోతే ఆవిడ అన్నంతా జరుగుతుంది. కంపు వస్తోందంటే లోపల తడి ఎక్కువై గాలి తగ్గిందని అర్థం. బకెట్‌లోంచి ఒక గుప్పెడు తీసి పిండి చూడండి: వేళ్ల సందుల్లోంచి నీరు కారితే ఎండుటాకులు కలపాలి, ముద్ద కట్టకుండా రాలిపోతే కాసిని నీళ్లు చల్లాలి, తడి తెలుస్తూ చుక్క రాలకపోతే సరిగ్గా ఉన్నట్టు. సన్నని ఈగలు మూగుతున్నాయంటే తొక్కలు పైకి కనిపిస్తున్నాయన్నమాట. పైన ఎప్పుడూ ఆకుల పొర ఉంటే అవి గుడ్లు పెట్టడానికి చోటు దొరకదు. లావుపాటి బూడిదరంగు పురుగులు కనిపిస్తే కంగారు పడకండి. అవి సాధారణంగా బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగ పిల్లలు, చెత్తను తినేస్తాయే తప్ప మనకు హాని చేయవు. అయినా పూజ గది పక్కన వద్దనుకుంటే తడి తగ్గించండి, వాటంతట అవే తగ్గుతాయి.

చిన్న బకెట్‌లో మాంసం, ఎముకలు, నూనె ఓడే కూరలు వేయవద్దు. ఆదివారం నాటి వాటిని మాత్రం విడిగా ఆటోకు ఇవ్వండి. మిగతా వారమంతా మీ తడి చెత్త బయటకు వెళ్లకపోతే అదే పెద్ద మార్పు. నిమ్మ, బత్తాయి తొక్కలు ఎక్కువ వేస్తే పులుపు పెరుగుతుంది, కొద్దికొద్దిగా వేయండి. అసలు పారేసే అన్నమే తగ్గేలా వండుకోవడం వీటన్నిటికన్నా ముందు రావాలి, ఎందుకంటే ఆ బియ్యం పండడానికి పట్టిన నీరు, ఎరువు, కరెంటు అన్నీ దానితో పాటే బుట్టలోకి పోతాయి.

సమాధానం (అసోసియేషన్ కార్యదర్శి):

ఎండుటాకులు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. మీ అపార్టుమెంటు ఊడ్చేవారిని అడిగి చూడండి. చాలాచోట్ల పొద్దున్నే ఆకులు పోగుచేసి గోడవారగా తగలబెడతారు. ఆ పొగ కింది అంతస్తుల్లోని పసిపిల్లలు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు పీలుస్తారు. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించి, మామూలుగా కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది. జరిమానా పేరు చెప్పి భయపెట్టడం కంటే, "ఈ ఆకులు నాకు కావాలి, సంచిలో వేసి పెట్టు" అని అడగడం మేలు. మా దగ్గర ఆకుల మంట ఆగింది ఈ మాటతోనే. కాల్చే శ్రమ తప్పుతుంది కాబట్టి వాళ్లు కూడా సంతోషంగా ఇస్తారు.

మీ ఒక్క ఇల్లు గట్టిగా నిలబడ్డాక విషయాన్ని సర్వసభ్య సమావేశానికి తీసుకువెళ్లండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు (2026లో వీటి స్థానంలో కొత్తవి వచ్చాయి) ప్రతి ఇల్లూ చెత్తను తడి, పొడి, హానికర చెత్తగా మూడు రకాలుగా వేరు చేసి ఇవ్వాలన్నాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు సాధ్యమైనంత వరకు తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలన్నాయి. అయితే నిబంధన చదివి వినిపించినంత మాత్రాన ఎవరూ కదలరు. మీ బకెట్‌లో తయారైన ఎరువు ఒక డబ్బాలో తీసుకెళ్లి అందరి ముందూ పెట్టండి, వాసన చూడమనండి. కంపు రాదన్న నమ్మకం కుదిరితే సగం వాదన అక్కడే తీరిపోతుంది. ఆ తర్వాత కింద పార్కింగ్ వెనక ఖాళీ స్థలంలో ఇటుకలతో గాలి ఆడేలా రెండు గదుల తొట్టి కట్టించడం పెద్ద ఖర్చు కాదు.

సమాధానం (అడ్డాకు విస్తరి):

నేను ఒక్క విషయమే చెబుతాను. ఇంట్లో ఏడాది పొడవునా జాగ్రత్తగా ఉండి, ఒక్క శుభకార్యంతో దాన్నంతా పోగొట్టుకునేవాళ్లం చాలామందిమి ఉన్నాం. వ్రతానికో, పుట్టినరోజుకో వందమందిని పిలిస్తే, ప్లాస్టిక్ పూత వేసిన పళ్లేలు, కాగితపు గ్లాసులు, చిన్న నీళ్ల సీసాలు బస్తాలకొద్దీ మిగులుతాయి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలపై నిషేధం ఉన్నా, కాగితపు గ్లాసు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుందన్న సంగతి చాలామంది గమనించరు. అరిటాకులు, అడ్డాకు విస్తర్లు ఇప్పటికీ సులువుగానే దొరుకుతున్నాయి. వంటపాత్రలు అద్దెకిచ్చే కొట్లలోనే స్టీలు గ్లాసులు కూడా అద్దెకిస్తారు. కడగడానికి ఒకరిద్దరికి కూలి ఇచ్చినా నీళ్ల సీసాల ఖర్చుతో పోలిస్తే పెద్ద తేడా రాదు. తిన్న విస్తర్లను మీరు కట్టించబోయే ఇటుకల తొట్టిలోనే వేసుకోవచ్చు. అలాగే కర్రీ పాయింటుకు, మాంసం కొట్టుకు వెళ్లేటప్పుడు స్టీలు డబ్బా వెంట తీసుకెళ్లండి. వేడి సాంబారును పలుచటి కవరులో కట్టించుకోవడం ఆరోగ్యానికీ మంచిది కాదు.

ప్రశ్న అడిగినవారు (నాలుగో అంతస్తు):

మామగారు రెండు బకెట్లకు రంధ్రాలు పెట్టించుకొచ్చారు. వాచ్‌మన్ ఒక గోనె సంచి నిండా బాదం ఆకులు ఇచ్చాడు. బకెట్లను వంటింటి వైపు కిటికీ కింద పెట్టుకోవడానికి అత్తగారు ఒప్పుకున్నారు. చివరిగా ఒక సందేహం: మాకు ఉన్నవి తులసి, మూడు నాలుగు పూల కుండీలు మాత్రమే. వచ్చే ఎరువంతా ఏం చేసుకోవాలి?

సమాధానం (మిద్దెతోట):

కుండీకి నెలకు ఒకటి రెండు గుప్పిళ్లు చాలు, అంతకు మించి వేయకండి. మిగిలినది మీ వీధిలోని వేప, కానుగ చెట్ల మొదళ్లలో చల్లండి. మిద్దెతోటలు పెంచేవారిని అడిగితే వాళ్లే సంచి తెచ్చుకుని పట్టుకెళ్తారు. ఒక గిన్నెడు ఎరువును మాత్రం ఎప్పుడూ ఉంచుకోండి. కొత్త బకెట్ మొదలుపెట్టినప్పుడు మజ్జిగకు బదులు దాన్ని తోడులా వేస్తే కుళ్లడం త్వరగా అందుకుంటుంది. బాదం ఆకులు మందంగా ఉంటాయి కాబట్టి నలిపి, ముక్కలు చేసి వేయండి.