ఇంటి షెడ్డులో బండికి లిఫ్ట్ బల్ల: ఏ రకం తీసుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. నా దగ్గర రెండు మోటార్‌సైకిళ్లు ఉన్నాయి. ఒకటి 145 కిలోలు, రెండోది 195 కిలోలు. ఆయిల్ మార్చడం, చైను, బ్రేకు ప్యాడ్ల పనులు ఇన్నాళ్లూ నేల మీదే చేసుకున్నాను గానీ, ఈ మధ్య అరగంట గొంతుక్కూర్చుంటే మళ్లీ లేవడానికి బండినే పట్టుకోవలసి వస్తోంది. అందుకని కత్తెర కాళ్ల లిఫ్ట్ బల్ల కొందామనుకుంటున్నాను. షెడ్డు పొడవు 4 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. కప్పు దూలం నేలకు 2.2 మీటర్ల ఎత్తులో ఉంది. కాలితో తొక్కే హైడ్రాలిక్ రకమా, కంప్రెసర్ గాలితో లేచేదా, మోటారుదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. 360 కిలోలు మోసేది చాలునా, 450 కిలోలది తీసుకోవాలా?

సమాధానం 1

మీ బండ్లకు 360 కిలోల బల్ల ధారాళంగా సరిపోతుంది. అయితే బరువు కన్నా ముందు చూడవలసింది, లేచిన బల్లను ఏది ఆపి ఉంచుతుందన్నది. హైడ్రాలిక్ సిలిండరు పని లేపడం వరకే. నిలబెట్టవలసింది ఇనుప లాకు. సీలు కాస్త అరిగినా, వాల్వులో నలుసు పడినా ఆయిల్ మెల్లగా వెనక్కి జారుతుంది. నా మొదటి బల్లకు లాకు కడ్డీ దూర్చకుండా ఒక రాత్రి వదిలేస్తే, తెల్లారేసరికి అది నాలుగు వేళ్ల మేర దిగి, కాళ్ల మధ్య మరిచిపోయిన ఆయిల్ ట్రేను రేకులా నొక్కేసింది. అక్కడ నా చెయ్యి లేదు గనుక ఈ మాట ఇంత తీరిగ్గా చెప్పగలుగుతున్నాను.

ఆ లాకు కూడా మూడు నాలుగు ఎత్తుల్లో పడేదై ఉండాలి. చైను పనికి బల్ల పూర్తిగా లేవాలి. హ్యాండిల్ దగ్గరి పనికి సగం ఎత్తే నయం, లేకపోతే స్టూలెక్కి పని చేయవలసి వస్తుంది.

పంపు సంగతికి వస్తే, ఇంటికి కాలిపంపు చాలు. బల్ల అడుగున ఉన్నప్పుడు కత్తెర కాళ్లు దాదాపు పడుకుని ఉంటాయి కాబట్టి మొదటి జానెడు ఎత్తుకే పెడలు బరువుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ తేలికవుతుంది. కంప్రెసర్ ఇప్పటికే ఉండి, 6 నుంచి 8 బార్ల ఒత్తిడి నిలకడగా ఇస్తుంటే గాలి రకం సుఖం. దాని కోసమే కంప్రెసర్ కొనడం మాత్రం దండగ. మోటారు రకం రోజుకు పది బండ్లు ఎక్కించే వారికి.

సమాధానం 2

పై సమాధానంతో ఏకీభవిస్తూ, కొలతల గురించి రెండు మాటలు. ఇలాంటి బల్లలు సాధారణంగా 2.2 మీటర్ల పొడవుంటాయి. ఎక్కించే వాలు పలక మరో అర మీటరు తింటుంది. దాని ముందు బండి తిన్నగా నిలబడడానికి ఇంకో రెండు మీటర్లు కావాలి గనుక, మీ 4 మీటర్ల షెడ్డులో వాలు పలక తలుపు వైపే ఉండాలి, బండి బయటి నుంచి నేరుగా ఎక్కాలి. మూల తిప్పి ఎక్కించే ఏర్పాటు చేసుకుంటే మొదటి వారంలోనే విసుగొస్తుంది. ఎత్తు విషయంలో, బల్ల 80 సెంటీమీటర్లు లేస్తే, అద్దాలతో కలిపి 1.2 మీటర్లున్న బండి 2 మీటర్లు తాకుతుంది. మీ దూలానికి జానెడు కూడా మిగలదు కాబట్టి బల్లను దూలం కిందకు రాకుండా జరపండి.

వెనక చక్రం ఊడదీసే ఉద్దేశం ఉంటే, బల్ల వెనక భాగంలో ఊడివచ్చే పలక ఉందో లేదో చూడండి. అది లేకపోతే చక్రాన్ని కిందికి దించడానికి బండిని ఇంకా పైకి జాకీ పెట్టి లేపవలసి ఉంటుంది.

సమాధానం 3

నా అభిప్రాయం కాస్త వేరు. మీరు చెప్పిన పనులకు పాడాక్ స్టాండు (వెనక చక్రాన్ని నేల నుంచి కొంచెం లేపి బండిని నిలబెట్టేది), చక్రాలున్న పొట్టి స్టూలు సరిపోతాయి. చోటూ మిగులుతుంది. ఇంజను దింపే పని ఉంటేనే బల్ల.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. స్టూలు ప్రయత్నించాను; నడుము ఒప్పుకోలేదు. లాకు మూడు చోట్ల పడే కాలిపంపు బల్లే తీసుకుంటాను. ఒక్కడినే బండిని ఎక్కించి దించడం ఎలాగన్నదే ఇక మిగిలిన సందేహం.

సమాధానం 1

మీరు నేల మీద నడుస్తూ బండిని పక్క నుంచి తోయండి. ఇంజను ఆపి, మొదటి గేరులో ఉంచి, క్లచ్ పట్టుకోండి. వెనక్కి దించేటప్పుడు బరువంతా వెనక చక్రం మీదకు పోతుంది గనుక ముందు బ్రేకు నమ్మదగింది కాదు, ముందు చక్రం జారుతుంది. క్లచ్ వదిలితే వెనక చక్రం ఆగుతుంది. క్లచ్‌ను కొద్దికొద్దిగా పట్టుకుంటూ వదులుతూ దించవచ్చు. ఎక్కించాక ముందు చక్రాన్ని బల్ల ముందు కొసనున్న బిగింపులో బిగించి, రెండు వైపులా రాట్చెట్ పట్టీలతో (పిడి ఆడిస్తే బిగుసుకునే పట్టీలు) ముందు ఫోర్కులు కొంచెం కుంగేదాకా లాగి కట్టండి, ఆ తరువాతే పెడలు తొక్కండి.

మరొకటి. వెనక ఇరుసు నట్టు లాంటి గట్టి బిగింపులను బల్ల నేల మీద ఉండగానే వదులు చేసుకోండి. ఎత్తులో ఉన్న బండి మీద పొడవాటి స్పానరుతో బలంగా గుంజితే, బల్ల కాళ్లను కాంక్రీటులోకి బోల్టులతో బిగించకపోతే, మొత్తం ఊగుతుంది.